రెండో బిగింపుకు ఆగని మేము

సిద్దిపేటలో ఒక మనిషిని ద్రోహి అన్నారు. అన్నది పోలీసులు కాదు. మనల్ని ఏళ్ళ తరబడి దోచుకున్నారని నేను కరపత్రాల్లో రాస్తూ వచ్చిన వాళ్ళెవరూ కాదు. అన్నది మా యువజన కమిటీ. నడిరోడ్డు మీద, ఆయన షెడ్డు ముందు బండి ఆపి, మైకులో అన్నది. ఆ కమిటీలో నేనున్నాను. ఆ మాట తప్పని తెలిసిన తర్వాత కూడా మేము దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆ మనిషి మొన్న బుధవారం పొద్దున చనిపోయాడు.

కబురు నాకు దీక్షా శిబిరంలో అందింది. ఆ రోజు రిలే దీక్షకు దుబ్బాక నుంచి చేనేత కార్మికులు వచ్చి కూర్చున్నారు. వాళ్ళ మెడల్లో దండలు వేస్తున్నాను. ఆటో ఒకటి టెంటు ముందు ఆగింది. డ్రైవర్ దిగకుండానే, "మెదక్ రోడ్డు మిస్త్రీ చాచ పోయిండు. దవాఖానకు తీస్కపోతుంటె తొవ్వల్నే పాణం పోయిందట" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మా శిబిరంలో ఒక పద్ధతి ఉంది. ఊళ్ళో ఎవరు పోయినా లేచి నిలబడి మౌనం పాటిస్తాం. నేను మా కన్వీనర్ అన్న వైపు చూశాను. ఆయన కింద పరిచిన జంపఖానా సర్దుతున్నాడు. దగ్గరికి వెళ్ళి అడిగితే, తల ఎత్తకుండానే గొంతు తగ్గించి, "మనమే గద గా మాట అన్నది. మల్ల మనమే లేసి నిలవడితె జనం ఏమనుకుంటరు?" అన్నాడు. ఎవరూ లేవలేదు. దండ వేయించుకున్న ఒక ముసలాయన, పోయింది ఎవరు నాయినా అని నన్ను అడిగాడు. ఎవరో ఒక మెకానిక్ అన్నాను. ఎవరో ఒక. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

ఆయన ఎవరో ఈ ఊరికి చెప్పనక్కర్లేదు. ఈ కాగితం బయటి ఊళ్ళకూ పోతుంది కాబట్టి చెబుతున్నాను. మెదక్ రోడ్డు మీద కట్టెల అడితి పక్కన ఉన్న రేకుల షెడ్డు ఆయనది. కార్లు, జీపులు, డీజిల్ ఆటోలు బాగుచేసేవాడు. పెద్దవాళ్ళకు మిస్త్రీ, మాకు మిస్త్రీ చాచా. వినయవంతుడు, మితభాషి అని రాస్తే ఆయనే పడీపడీ నవ్వుతాడు. బాగా గొప్పలు చెప్పుకునే మనిషి. "సిద్దిపేటల నా చెయ్యి వడని ఇంజన్ ఏదన్న ఉంటె సూపియ్యి" అని దారిన పోయేవాళ్ళతో పందెం కాసేవాడు. చాయ పలుచగా ఉంటే హోటలాయన వంశాన్నంతా తలుచుకునేవాడు. కాని ఏ బండి వచ్చినా వెంటనే బానెట్ ఎత్తేవాడు కాదు. దాని మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. వేడిగా ఉంటే పోయి కుర్చీలో కూర్చునేవాడు. బండి యజమాని ఎంత మొత్తుకున్నా లేచేవాడు కాదు. జ్వరంతో ఉన్న మనిషిని ఏ డాక్టరైనా కోస్తాడా అని ఎదురు అడిగేవాడు.

నాకూ ఆయనకూ పరిచయం కరపత్రాలతోనే. నేను చదువుకున్నది కూడా దాదాపు అవే. ఇంటర్ తప్పిన తర్వాత నా చేతికి వచ్చిన మొదటి పుస్తకం ఒక కరపత్రం, తర్వాత అన్నీ అవే. వాటిని పంచుతూ షాపు షాపు తిరిగేవాణ్ణి. చాచాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. "నువ్వే సదువు, ఇంట" అనేవాడు. ఆయన బండి కింద పడుకుని పని చేస్తుంటే, నేను పక్కన నిలబడి సభలో చదివినట్టు చదివేవాణ్ణి. మన నీళ్ళు, మన నిధులు, మన ఉద్యోగాలు. అంతా విని, బండి కిందనుంచే ఒక ప్రశ్న వేసేవాడు. తెలంగాణ వస్తే మెదక్ రోడ్డు గుంతలు పూడుతాయా లేదా, అది ఎందుకు రాయలేదు అని. ఆ తర్వాత బయటికి వచ్చి నా కరపత్రంతోనే చేతులు తుడుచుకుంటూ, "నీ కాగితం నూనె మంచిగ గుంజుతది, కర్పత్రం పటేలా" అనేవాడు.

నాకు రక్తం ఉడికేది. ఒకసారి ఆ కాగితాన్ని ఆయన చేతిలోంచి లాక్కున్నాను. అందులో తెలంగాణ కోసం తమ ప్రాణాలు తీసుకున్న పిల్లల పేర్లున్నాయని అరిచాను. ఆయన నల్లా దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. ఇంకో కాపీ అడిగి తీసుకున్నాడు. పేర్లు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమన్నాడు, ఒక్కొక్కటే చదివించుకున్నాడు, తర్వాత దాన్ని తీసుకుపోయి రేడియో కింద పెట్టాడు. ఆ రోజు తర్వాత మా కాగితాలతో చేతులు తుడుచుకోలేదు. వెక్కిరించడం మాత్రం మానలేదు.

ఇక మా బండి సంగతి. కమిటీకి ప్రచారం కోసం ఒక పాత తెల్ల అంబాసిడర్ ఉంది. పైన రెండు మైకు హారన్లు, చుట్టూ జెండాలు. ముందు భాగంలో, దీపాల మధ్య ఉన్న జాలీకి అడ్డంగా పెద్ద ఫ్లెక్సీ బ్యానర్. ఎదురుగా నిలబడి ఫొటో తీస్తే బండి కనిపించేది కాదు, జై తెలంగాణ మాత్రమే కనిపించేది. అలా ఉండాలనే కొలత తీసుకుని అచ్చు వేయించాం. ఆ జాలీ వెనక రేడియేటర్ ఉంటుందని, ఇంజన్‌లో కాగే నీళ్ళు చల్లబడేది ఆ జాలీ లోంచి వచ్చే గాలితోనేనని మాలో ఒక్కరికీ తట్టలేదు. పైగా ఊరేగింపు బండి ఎలా నడుస్తుందో మీకు తెలుసు. మనుషుల నడకకు తగ్గట్టు, ఫస్టు గేరులో, ఎండలో, గంటల కొద్దీ. ముఖం నిండా బ్యానర్ కట్టి, నడక వేగంతో కారును ఊళ్ళ మీద తిప్పడం ఉద్యమంలో ఉన్నవాళ్ళం కాబట్టి మేమే చేయగలిగిన తప్పు.

దుబ్బాక రోడ్డు మీద మొదటిసారి బండి ఆగింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ట్రాక్టరుకు తాడు కట్టి చాచా షెడ్డుకు లాక్కొచ్చాం. ఎప్పటిలాగే అరచెయ్యి పెట్టి చూసి కుర్చీలో కూర్చున్నాడు. చల్లారిన తర్వాత ఆయిల్ పుల్ల బయటికి తీసి మాకు చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు పోసిన చాయలా ఉంది.

"నీళ్ళు ఆయిల్ల కలిసినయి. హెడ్ ప్యాకింగ్ పోయింది," అన్నాడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇంజన్ పైన మూతలా కూర్చునే బరువైన ఇనుప భాగం హెడ్డు. దానికీ కింది దిమ్మకూ మధ్య ఒక పలుచని పొర ఉంటుంది, అదే గ్యాస్కెట్, షెడ్డు భాషలో ప్యాకింగ్. లోపల నిప్పు, నీళ్ళు, నూనె ఒకదాని పక్కన ఒకటి నడుస్తుంటాయి. అవి ఒకదాంట్లోకి ఒకటి చొరబడకుండా కాపాడేది ఆ పొరే. ఇంజన్ మితిమీరి కాగితే ముందు కాలిపోయేది అదే.

పని మొదలు పెట్టే ముందు ఆయన బ్యానర్ విప్పాడు. దుమ్ము దులిపి, మడత పెట్టి, వెనక సీటు మీద పెట్టాడు. ముక్కు మూసి పరుగెత్తమంటే మనిషి కూడా పరుగెత్తడని, దాన్ని పైన మైకు కింద కట్టుకొమ్మని చెప్పాడు. ఆయన చెప్పిన కారణం ఎవరూ వినలేదు. మా వాళ్ళు ఇద్దరు ముగ్గురు ముఖాలు చూసుకున్నారు. వాళ్ళ కంట పడ్డది ఒక్కటే: మిస్త్రీ తెలంగాణ బ్యానర్ ఊడదీశాడు.

పని తొందరగా అయ్యేలా చూడమని కమిటీ నన్ను షెడ్డులో కూర్చోబెట్టింది. ఆ రెండు రోజులు ఆయన చేసిన పనిని నేను దగ్గర నుంచి చూశాను. తొందర పెట్టడానికి పోయి చూశాను అన్నదే నిజం.

బోల్టులు విప్పేటప్పుడు అంచుల నుంచి నడుమకు వచ్చాడు, ఒక్కొక్కటి కొద్దికొద్దిగా వదులు చేస్తూ. ఒక అట్ట ముక్కకు హెడ్డు ఆకారంలో తూట్లు పొడిచి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టాడు. హెడ్డును లేత్ దుకాణానికి పంపి, వేడికి వంగిన ముఖాన్ని చదును చేయించాడు. తిరిగి వచ్చిన తర్వాత దాని మీద ఉక్కు పట్టీ పెట్టి, కింద సన్నటి రేకు దూరుతుందేమో మూలమూలలా చూశాడు. కింది దిమ్మ మీద అంటుకున్న పాత ప్యాకింగ్ గీకడానికి సగం రోజు పట్టింది. గీకిన పొట్టు లోపల పడకుండా సిలిండర్లలో గుడ్డలు కుక్కాడు. కంటికి శుభ్రంగానే కనిపించింది. ఆయన మాత్రం నా వేలు పట్టుకుని ఒక చోట రుద్దించాడు. గింజంత గరుకు తగిలింది. మళ్ళీ మొదలు పెట్టాడు.

బోల్టులు దిగే తూట్లలోకి గాలి కొట్టాడు. అదెందుకని విసుక్కుంటే, తూటు అడుగున నీళ్ళు నిలిచి ఉంటే బోల్టు ఆ నీళ్ళ మీదే ఆగిపోతుందని, పానాకు మాత్రం గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుందని, కింద హెడ్డు వదులుగానే ఉంటుందని చెప్పాడు. కొత్త ప్యాకింగ్‌ను ఇంటి నుంచి తెచ్చాడు. షాపుల్లో మేకులకు వేలాడదీస్తే వంగుతాయని, ముందే కొని పరుపు కింద చదునుగా పరిచి పెట్టుకునేవాడట. దాని మీద పడుకోవలసింది తానేనని చాచీ రోజూ తిట్టేదని చెప్పి నవ్వాడు.

ఆ ప్యాకింగ్‌ను పైకి ఉండాల్సిన వైపు పైకి పెట్టి, నీళ్ళ దారులూ నూనె దారులూ కలిశాయో లేదో చూసి, హెడ్డు దింపడానికి రెండో పక్క నన్ను పట్టుకోమన్నాడు. "పక్కకు జరపకు. సక్కగ ఒక్కపారే దిగాలె. జరిగితె ప్యాకింగ్ గీసుకపోతది," అన్నాడు. నేను చెప్పినట్టే పట్టుకున్నాను. దిగింది. బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పాడు. తర్వాత పానా తీసుకుని నడుమ బోల్టుతో మొదలు పెట్టి, ఈ పక్కది ఒకటి, ఆ పక్కది ఒకటి, అంచుల దాకా పోయాడు. మొదటి చుట్టు కొంచెం, మళ్ళీ నడుమ నుంచి ఇంకొంచెం. ఆ సమయంలో ఎవరూ మాట్లాడకూడదు. నేను ఆగలేక ఏదో సభ సంగతి ఎత్తాను. నా వైపు ఒక చూపు చూసి, పానా నడుమకు తెచ్చి ఆ చుట్టు మళ్ళీ మొదటి నుంచి చేశాడు.

నడుమ నుంచి అన్నిటినీ సమానంగా బిగించుకుంటూ పోవాలన్న ఈ సంగతిని ఉద్యమానికి అన్వయించి రాయాలని నాకు చెయ్యి దురద పుడుతోంది. రాయను. ఆయన బోల్టుల గురించే చెప్పాడు. ఆయన మాటను ఆయన చెప్పినట్టు వినకపోవడం వల్లే ఇంత దూరం వచ్చింది.

రెండో రోజు సాయంత్రం కొత్త ఆయిల్, నీళ్ళు పోసి ఇంజన్ స్టార్ట్ చేశాడు. చక్కగా ఆడింది. బాగా కాగనిచ్చి ఆపేశాడు. అప్పుడే కన్వీనర్ అన్న మా వాళ్ళను వెంటేసుకుని వచ్చాడు.

"అయ్యిందా చాచా?"

"ఎక్కిచ్చిన. ఒక్కపారి కాగింది. ఇగ సల్లారాలె. కాగి సల్లారితె కొత్త ప్యాకింగ్ అణుగుతది, బోల్టులు వదులైతయి. పొద్దుగాల మల్ల బిగిస్త, అప్పుడు తీస్కపోండ్రి."

"రేపు నంగునూరుల వంటావార్పు. పొద్దుగాల్నే బండి గాడ ఉండాలె."

"ఒక్క దినం ఆటో మీద కట్టుకోండ్రి మైకు."

"గిట్ల సల్లారవట్టే గద చాచా ఇన్నేండ్లాయె తెలంగాణ రాక."

మా వాళ్ళు నవ్వారు. చాచా కూడా నవ్వాడు. "మాటలు మంచిగ నేర్సినవ్. గా మాట ఇంజన్‌కు జెప్పు, ఇంటదేమో," అని తాళం చెవి జేబులో వేసుకున్నాడు. అరవై తొమ్మిది ఉద్యమంలో తామూ ఇలాగే ఆగమాగం ఉరికామని, అప్పుడూ ఎవరూ ఆగి చూసుకోలేదని ఇంకేదో చెప్పబోయాడు.

నేను అడ్డుపడ్డాను. రెండు రోజులు ఆయన పక్కన కూర్చుని, ఆయన ఇప్పించిన చాయ తాగిన నేను.

"నువ్వు ఎవల దిక్కు చాచా?"

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే నాకు బాగుండేది.

"నేను ఇంజన్ దిక్కు, బేటా," అన్నాడు. తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు. మెల్లగా తోలమన్నాడు, బ్యానర్ పైనే ఉంచమన్నాడు, రేపు సాయంత్రానికైనా తెచ్చి బిగించుకుపొమ్మన్నాడు. చెబుతుండగానే మా వాళ్ళు హారన్లు ఎక్కించడం మొదలు పెట్టారు.

ఊరు దాటగానే బండి ఆపి బ్యానర్ మళ్ళీ ముందుకే కట్టాం. ఒక వైపు తాడు నేనే పట్టుకున్నాను. మరునాడు నంగునూరులో రోడ్డు పొడుగునా పొయ్యిలు, ఆడవాళ్ళు, పిల్లలు, పాటలు. ఆ జనంలో బండి మధ్యాహ్నం దాకా అడుగులో అడుగు వేసింది. కన్వీనర్ అన్న మాట్లాడబోయే వేళకు సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ వచ్చి ఇంజన్ ఆగిపోయింది. మైకు మాత్రం బ్యాటరీ మీద పని చేస్తూనే ఉంది. అదే మా ఖర్మ. మన బ్యానర్ ఊడదీసినవాడే మన బండిని చెడగొట్టాడని, సభ రోజే ఆగేలా కావాలని చేశాడని, వాడు తెలంగాణ ద్రోహి అని అన్న మైకులో అన్నాడు. జనం గోలగోల చేశారు. నేనూ పిడికిలి ఎత్తాను.

సాయంత్రం బండిని లాక్కొచ్చి షెడ్డు ముందు ఆపి మళ్ళీ అదే మాట. తెలంగాణ ద్రోహి. మెదక్ రోడ్డంతా వింది. గుంపులో ఎవరో ఆయన మతాన్ని పట్టుకుని ఇంకో మాట కూడా అన్నారు. దాన్ని ఇక్కడ రాయను. దాన్ని ఎవరం ఆపలేదన్నది మాత్రం రాస్తున్నాను.

చాచా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. మైకు వైపు చూడలేదు. బండి ముందు వైపుకు వచ్చి, బ్యానర్ చూసి, "ముందుగాల దీన్ని ఇప్పుండ్రి. రేపు తెండ్రి, మల్ల ఇప్పి కడ్త" అన్నాడు. అంత మాట పడ్డ మనిషి అన్నది అదొక్కటే. ఇక ఈ షెడ్డుకు ఏ బండీ రాదని అన్న మైకులోనే చెప్పాడు. రాలేదు. మా మీద ప్రేమతో రానివాళ్ళు కొందరు, భయంతో రానివాళ్ళు ఎక్కువ. ఆయన మాత్రం రోజూ షటర్ ఎత్తి కూర్చునేవాడట. తుడిచిన పానాలే మళ్ళీ తుడిచేవాడని ఆయనతో కలిసి పనిచేసే అల్లుడు చెప్పాడు.

బండిని కరీంనగర్‌లో ఇంకో మెకానిక్ దగ్గరికి చేర్చాం. అతను హెడ్డు విప్పి లోపలంతా చూశాడు. కట్టినాయన మంచిగానే కట్టాడని, మళ్ళీ బిగించకముందే బండిని ఎవరు గుంజుకుపోయారని మమ్మల్నే అడిగాడు. ముందు జాలీకి అంటిన ఫ్లెక్సీ రంగు చూసి తల కొట్టుకున్నాడు. నేనూ అన్నా బస్సులో తిరిగి వస్తున్నాం. చాలా దూరం ఇద్దరం కిటికీ లోంచి చూశాం.

"ఇప్పుడేం జేద్దామన్నా?" అన్నాను.

"ఉద్యమం అయినంక సూద్దాం."

నేను సరే అన్నాను. తర్వాత చూద్దాం అన్న మాట విని విని కడుపు మండి రోడ్డెక్కినవాళ్ళం మనం. ఆ మాట అన్న ప్రతి నాయకుడి దిష్టిబొమ్మ తగలబెట్టినవాణ్ణి నేను. ఆ మాటనే మా అన్న ఒక మనిషి పరువు గురించి అంటే, సరే అన్నాను. అన్న చెడ్డవాడు కాదు. లాఠీ దెబ్బలకు విరిగిన ఆయన చెయ్యి ఇంకా సరిగా లేవదు. తప్పు ఒప్పుకుంటే ఉద్యమం పలుచన అవుతుందని ఆయన భయం. నాది అంత పెద్ద భయం కూడా కాదు. చాచా ముఖం చూడలేకపోవడం. అప్పటి నుంచి మెదక్ రోడ్డు వదిలేసి చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

అయినా ఒకసారి కూరగాయల మార్కెట్‌లో ఎదురుపడ్డాడు. చిక్కిపోయాడు. చేతిలో కొత్తిమీర కట్ట. తప్పుకోవడానికి దారి లేదు.

"ఏం కర్పత్రం పటేలా, బండి నడుస్తుందా?"

"నడుస్తుంది చాచా."

"మల్ల బిగిపిచ్చిన్రా?"

"బిగిపిచ్చినం."

"గంతే మరి," అని తల ఊపి వెళ్ళిపోయాడు. నా మీద ఫిర్యాదు లేదు, కమిటీ ఊసు లేదు. బండి బాగుందో లేదో తెలుసుకుని వెళ్ళాడు. అక్కడే, ఆ కూరగాయల గంపల మధ్యే, కరీంనగర్ మెకానిక్ ఏమన్నాడో ఆయనకు చెప్పి ఉండాల్సింది. గొంతు దాకా వచ్చింది. మైకులో అంత గట్టిగా పలికే గొంతు అది.

గుండె ఆగి పోయాడన్నారు దవాఖానలో. మేము అన్న మాట వల్లే పోయాడని రాయను, నాకు తెలియదు. ఆ మాటను మోస్తూ పోయాడు, అది తెలుసు. ఆయన్ను మోసుకుపోతున్న జనాజా వెంట ఖబ్రస్తాన్ గేటు దాకా పోయి ఆగిపోయాను. లోపలికి రమ్మనో వద్దనో ఎవరూ అనలేదు.

తర్వాతి రోజు చాచా ఇంటికి వెళ్ళాను. చాచీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడమనిషి కొన్ని నెలలు గడప దాటకుండా ఉండే నియమం అది. పరదా అవతల నుంచి మాట్లాడింది. నేను తప్పయిందని మొదలు పెట్టాను. ఏడ్చాను కూడా. ఆమె ఏడవలేదు.

"ఇంట్ల కూసోని నాకు జెప్తె ఏమొస్తది బేటా? నాకు ఎర్కలేదా ఆయన ఎసొంటోడో? మైకుల అన్నరు. మైకుల్నే వాపస్ తీస్కోండ్రి."

అల్లుడు గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. ఆ మాట ఆ రోడ్డు మీద ఉన్నంత కాలం షటర్ ఎత్తేది లేదని, మామ పానాలు పట్టుకుని ద్రోహి షెడ్డులో కూర్చోలేనని చెప్పాడు. అతను షెడ్డు తీయకపోతే ఆ ఇంట్లో పొయ్యి దేనితో వెలుగుతుందో నేను చెప్పనక్కర్లేదు.

ఈ సంగతి కమిటీ ముందు పెట్టాను. అరుపులయ్యాయి. ఎక్కువ అరిచింది నేనే. చివరికి కన్వీనర్ అన్న, కమిటీ పేరు రాయకు, నీ పేరు మీద నువ్వు ఏమన్నా చేసుకో అన్నాడు. మాట అన్నది కమిటీ అయినప్పుడు నా ఒక్కడి పేరుతో వెనక్కి తీసుకుంటే అది సగం అబద్ధం. అందుకే మొదటి వరుసల్లోనే కమిటీ అని రాశాను. బండి, మైకు మాత్రం ఇస్తానన్నాడు. తను వస్తాడో రాడో చెప్పలేదు.

కాబట్టి అడుగుతున్నాను. వచ్చే ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు మెదక్ రోడ్డు షెడ్డు ముందుకు రండి. ఆ రోజు అక్కడ నిలబడి విన్నవాళ్ళు రండి. నంగునూరులో పొయ్యిల దగ్గర విన్న అక్కలు, అవ్వలు కూడా రండి, ఎందుకంటే ఆ మాట మొదట మీ చెవుల్లోనే వేశాం. ఆయన చేత బండ్లు బాగుచేయించుకుని తర్వాత మాకు భయపడి మొహం చాటేసిన డ్రైవరన్నలు రండి, భయపెట్టినవాణ్ణే పిలుస్తున్నాను. జెండాలు, బ్యానర్లు తేవద్దు. ఉపన్యాసాలు ఉండవు. మిస్త్రీ చాచా ద్రోహి కాదు, బండిని పాడు చేసింది మేము, ఆయన మీద మోపింది మేము. ఈ మూడు ముక్కలు మైకులో చెబుతాం. చెబుతాం అని రాశాను. ఎవరూ రాకపోతే చెబుతాను.

చాచీ ఇంకొక్కటే అడిగింది. తను బయటికి రాకూడదు కదా, హారన్లు రెండూ బజారు దిక్కే పెట్టవద్దన్నది. అందుకని ఆదివారం రోజు బండిని అడ్డంగా తిప్పి నిలబెడతాం. ఒక హారన్ మీ వైపు ఉంటుంది. ఇంకోటి షెడ్డు వెనక సందులోకి, పచ్చ రంగు వేసిన వాళ్ళింటి చిన్న కిటికీ వైపు తిరిగి ఉంటుంది. అయిదు గంటలకు ఆ కిటికీ రెక్కలు తెరిచి ఉంచుతానని ఆమె చెప్పింది.